కండరానికి పట్టు తప్పితే

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్టలో ఒకదాన్ని పక్కన పెట్టి, తక్కినవన్నీ చూసి, తిరిగి దాని దగ్గరికే వచ్చాను. నాలుగు పేజీల ఉత్తరం. రాసింది ఒక తల్లి. ఊరూ పేరూ వెయ్యవద్దన్నారు, వెయ్యను. ఆమె కొడుక్కి పదకొండేళ్ళు. మూడో ఏట మెట్లెక్కలేకపోయేవాడు, అయిదో ఏట ఊరికే పడిపోయేవాడు, కిందటి ఏడు పూర్తిగా నడక మానేశాడు. పెద్దాసుపత్రిలో 'డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ' అని తేల్చారు. ఇప్పుడొకాయన ఇంటికి వచ్చి, విదేశాల్లో కొత్త ఇంజక్షను వచ్చిందనీ, ఒంట్లోని 'అతుక్కునే ప్రొటీన్'ని అది ఆపేస్తుందనీ, ఆరు నెలల్లో కుర్రవాడు లేచి తిరుగుతాడనీ చెప్పాడట. పదహారు లక్షలు. ముందు ఆరు లక్షలు కట్టాలి. భర్త రెండెకరాల మాగాణి బేరం పెట్టారు. "రిజిస్ట్రేషనుకి ముందే మీ జవాబు చూడాలని ఉంది" అని ముగించారామె.

ముందు జవాబు చెబుతాను, కారణాలు తరవాత. అమ్మా, పొలం అమ్మవద్దు. ఆ ఆరు లక్షలూ కట్టవద్దు. మీ వారికి ఈ పేజీ చూపించండి.

ఇక కారణాలు. ఇవి కాస్త పొడుగ్గానే ఉంటాయి. ఎందుకంటే వచ్చినాయన పూర్తిగా అబద్ధమాడలేదు. అతుక్కునే ప్రొటీన్లున్న మాట నిజం. వాటిని ఆపే మందులున్న మాటా నిజం. వాటిలో ఒకదాన్ని ఈ జబ్బున్న పిల్లలకి ఇచ్చి చూసిన మాట కూడా నిజమే. మూడు నిజాల మీద ఒక అబద్ధాన్ని నిలబెడితే దాన్ని పట్టుకోవడం చదువుకున్నవాళ్ళకీ కష్టమే.

జబ్బు గురించి తెలియని వారి కోసం నాలుగు మాటలు. ఇది దాదాపు మగపిల్లలకే వస్తుంది. మూడున్నర వేల నుంచి అయిదు వేల మగపిల్లల్లో ఒకడికి. పుట్టినప్పుడు ఏమీ తెలియదు. నడక కొంచెం ఆలస్యం కావచ్చు. రెండు నుంచి అయిదేళ్ళ మధ్య తల్లి కంట పడుతుంది: పరుగెత్తలేడు, మునివేళ్ళ మీద నడుస్తాడు, పిక్కలు లావుగా గట్టిగా కనిపిస్తాయి. "మావాడి పిక్కలు చూశారా, పహిల్వాను కాళ్ళు" అని మురిసిపోయిన తాతగార్లని నేనెరుగుదును. నేల మీద కూర్చున్నవాడు లేవాలంటే ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకి ఆనించి, తరవాత మోకాళ్ళ మీద, ఆపైన తొడల మీద చేతులు వేసుకుంటూ తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేస్తాడు. ఇంగ్లీషు వైద్యుడు గవర్స్ 1879లో దీన్ని వర్ణించాడు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, మీ ఇంటి గచ్చు చాలు ఈ పరీక్షకి.

ఇక్కడొక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఇలాంటి పిల్లవాడికి ఏదో జ్వరం వచ్చినప్పుడు రక్తం తీస్తే ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. రెండూ బాగా పెరిగి కనిపిస్తాయి. వెంటనే లివరు చెడిందనుకుంటారు. పసరు మందులూ, పత్యాలూ, ఒక డాక్టరు నుంచి ఇంకో డాక్టరు దగ్గరికి తిరగడమూ మొదలవుతుంది. అలా ఏడాది గడిచిపోయినవాళ్ళున్నారు. ఆ రెండు పదార్థాలూ లివరులోనే కాదు, కండరంలో కూడా ఉంటాయి. కళ్ళు పచ్చబడలేదు, పిల్లవాడు పరుగెత్తలేడు, ఈ రెండూ పెరిగాయి అంటే సి.కె. అనే రక్తపరీక్ష ఒకటి చేయించమని అడగండి. కండరం చితికితే రక్తంలోకి కారే పదార్థమది. ఈ జబ్బులో అది మామూలు కన్నా పదుల రెట్లు ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, అతుకుల సంగతి.

మన కండరమంతా దారాల్లాంటి పొడుగాటి కణాల కట్ట. ఒక్కొక్క దారమూ వందలూ వేలూ చిన్నకణాలు కలిసిపోయి ఏర్పడుతుంది. ఆ దారం లోపల లాగే యంత్రాంగమంతా ఉంటుంది. కాని లోపల ఎంత లాగితే ఏం? ఆ లాగుడు పైపొరని దాటి, చుట్టూ ఉన్న పరుపు లాంటి పదార్థానికి అంది, అక్కడ నుంచి ఎముకని కదిలించాలి. పైపొర చూస్తే సబ్బు బుడగంత పల్చన. మరి అది చినగకుండా ఎలా ఉంటోంది?

పెళ్ళి షామియానాని తలుచుకోండి. గుడ్డ పల్చనిదే. దాన్ని గాలిలో నిలబెట్టేవి తాళ్ళూ, మేకులూ. కండరపు దారానికి బయటి పరుపులో లామినిన్ అనే ప్రొటీనుంది, అది నేల. పైపొరలో గుచ్చుకుని ఉండే డిస్ట్రోగ్లైకాన్ అనేది మేకు. లోపలి వైపున ఆ మేకుకి కట్టి, లాగే యంత్రాంగానికి కలిపే పొడుగాటి తాడు డిస్ట్రోఫిన్. డుషేన్ జబ్బులో తయారు కానిది ఈ తాడే. తాళ్ళు లేని షామియానాకి గాలి వీచినప్పుడల్లా ఏమవుతుందో అదే అవుతుంది, పిల్లవాడు అడుగు వేసినప్పుడల్లా, మెట్టు దిగినప్పుడల్లా. పొర చినుగుతుంది, కాల్షియం లోపలికి పోతుంది, సి.కె. బయటికి కారుతుంది, దారం చచ్చిపోతుంది. కొన్నాళ్ళు ఒళ్ళు బాగు చేసుకుంటూ వస్తుంది. ఆ తరవాత అలిసిపోయి, కండరమున్న చోట కొవ్వూ నారా పేరుకుంటాయి. ఆ లావు పిక్కల రహస్యం ఇదే.

ఈ సంగతి తెలుసుకోవడానికి నూట పాతికేళ్ళకి పైగా పట్టింది. మెర్యన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1850 ప్రాంతాలలోనే ఈ పిల్లల్ని చూసి, కండరపు పొరలోనే దెబ్బ ఉన్నదన్నాడు. 1860ల్లో ఫ్రెంచి వైద్యుడు డుషేన్ వివరంగా రాశాడు, పేరు ఆయనకి దక్కింది. 1987లో అమెరికాలో హాఫ్‌మన్, కుంకెల్ బృందం ఆ ప్రొటీన్‌ని పట్టుకున్నారు. ఆ తరవాత అయొవా విశ్వవిద్యాలయంలో కాంప్‌బెల్ బృందం డిస్ట్రోఫిన్ ఒంటరిది కాదనీ, మేకులతో సహా ఒక గుంపుగా ఉంటుందనీ చూపించింది.

కండరానికి ఇంకో రకం మేకు కూడా ఉంది. దాని పేరు ఇంటిగ్రిన్. ఇంటిగ్రిన్‌లు ఒకటి కాదు, పెద్ద కుటుంబం. దాదాపు ప్రతి కణం మీదా ఏదో ఒక రకం ఉంటుంది. కణం దేన్ని పట్టుకోవాలన్నా ఇవే దాని చేతులు. కండరంలో ముఖ్యమైనది ఆల్ఫా-7 రకం. ఇవికాక కణాన్ని కణానికి పట్టి ఉంచే కాడ్హెరిన్‌లున్నాయి. జపాన్ శాస్త్రవేత్త తకేయిచి వీటిని కనిపెట్టాడు. కాల్షియం ఉంటేనే ఇవి పట్టు పడతాయి, గిన్నెలో కాల్షియం తీసేస్తే కణాలు దేని దారిన అవి విడిపోతాయి.

శాస్త్రవేత్తలకి ఒక అలవాటుంది. ఒక వస్తువు ఎందుకుందో తెలియాలంటే దాన్ని పని చెయ్యకుండా ఆపి చూస్తారు. పిల్లలు గడియారంలోంచి ఒక చక్రం తీసి చూసినట్టే. 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి అనే ఇద్దరు ఒక విచిత్రం చూపించారు. ఫైబ్రోనెక్టిన్ అనే పెద్ద ప్రొటీనులో కణం పట్టుకునేది మూడే మూడు అమైనో ఆమ్లాల ముక్కని: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఆ చిన్న ముక్కని విడిగా తయారుచేసి గిన్నెలో కలిపితే, ఇంటిగ్రిన్ చేతుల్లో అదే నిండిపోతుంది, ఇక కణం దేన్నీ పట్టుకోలేదు, గిన్నె అడుగు నుంచి ఊడివస్తుంది. 1987లో మెంకో, బోయెటిగర్ అనేవారు కోడిపిండం కండర కణాల మీద ఇంటిగ్రిన్‌ని ఆపే యాంటీబాడీని వేశారు. కణాలు కలిసి దారాలుగా మారడం ఆగిపోయింది. దాన్ని తీసేస్తే మళ్ళీ మొదలైంది. అంటే అతుకు ఒట్టి జిగురు మాత్రమే కాదు, "ఇక నువ్వు కండరానివి కావచ్చు" అని కణానికి కబురు చెప్పేది కూడా అదేనన్నమాట.

గిన్నెలో సరే, జంతువులో? 1997లో ఆల్ఫా-7 ఇంటిగ్రిన్ లేని ఎలుకల్ని పుట్టించి చూశారు. వాటికి కండరాల క్షీణత వచ్చింది. 1998లో జపాన్‌లో కొందరు రోగుల్లో ఆ జన్యువే చెడి ఉన్నట్టు తేలింది, వాళ్ళకీ పుట్టుకతోనే కండరాల బలహీనత. కనుక కండరపు అతుకుల్ని ఆపితే జబ్బు తగ్గడం మాట అటుంచి, కొత్త జబ్బు వస్తుంది. ఒక తాడు తెగిన షామియానాకి రెండో తాడు కూడా కోసేవాణ్ణి మీరు పందిట్లోకి రానిస్తారా?

అయితే అతుకుల్ని ఆపే మందు ఎవరికి పనికొచ్చింది? ఇది వినదగ్గ కథ. పింజర జాతిలో ఒక చిన్న పాముంది. పొలుసులు ఒకదానికొకటి రాసి రంపం చప్పుడు చేస్తుంది. మన దేశంలో పాముకాటు చావులకి కారణమైన నాలుగు ముఖ్యమైన పాముల్లో ఇదొకటి. దాని విషంలో ఎకిస్టాటిన్ అనే చిన్న ప్రొటీనుంది. నలభై తొమ్మిది అమైనో ఆమ్లాలే, కాని అందులో పైన చెప్పిన మూడక్షరాల ముక్క ఉంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కట్టేది ఇంటిగ్రిన్ చేతులతోనే. విషం ఆ చేతుల్ని కట్టేస్తుంది. దీన్ని నమూనాగా పెట్టుకుని తయారుచేసిన టైరోఫిబాన్ అనే మందు 1998లో అమెరికాలో ఆమోదం పొందింది. గుండెపోటు వచ్చినవారికి కొందరికి ఆస్పత్రిలో, డాక్టరు కళ్ళెదుట, గంటల లెక్కన ఎక్కిస్తారు. గుండె కండరాన్ని కాపాడేదే, కాని అది కండరాన్ని ముట్టుకోదు, గడ్డని అడ్డుకుంటుంది. ఎక్కువైతే రక్తస్రావం. చంపే గుణమే కాపాడే గుణం, కొలతా చోటూ తెలియాలి.

ఇప్పుడు మీ ఇంటికి వచ్చినాయన చెప్పిన 'ప్రొటీన్' దగ్గరికి వద్దాం. అది కండరం మీద మేకు కాదు, తెల్లరక్తకణాల మీద ఉండే వి.ఎల్.ఏ.-4 అనే ఇంటిగ్రిన్. ఏటిలో కొట్టుకుపోతున్నవాడు గట్టున ఉన్న వేరు పట్టుకుని ఒడ్డెక్కినట్టు, రక్తంలో కొట్టుకుపోతున్న తెల్లకణం ఈ చేత్తో రక్తనాళపు గోడని పట్టుకుని, గోడ దాటి లోపలి కండలోకి దిగుతుంది. డుషేన్ పిల్లల కండరాల్లో చితికిన దారాల చుట్టూ ఈ తెల్లకణాలు మూగి ఉంటాయి. చెత్త ఊడ్చడానికి వచ్చినవాళ్ళే, కాని ఊడ్చే హడావుడిలో మంచి గోడని కూడా పడగొడతారు. వాపూ, నారా పెరుగుతాయి. పిల్లలకి స్టీరాయిడ్లు ఇచ్చేది ప్రధానంగా ఈ హడావుడి తగ్గించడానికే. కనుక ఆ చేతిని ఆపితే తెల్లకణాలు కండరంలోకి దిగవు, దెబ్బ తగ్గుతుంది అని కొందరు ఊహించారు. ఊహలో తప్పేమీ లేదు.

ఆ చేతిని ఆపే మందు మరో జబ్బుకి అప్పటికే ఉంది. 1992లో ఎలుకల్లో మెదడువాపుని ఇలా ఆపవచ్చునని చూపించారు. దాని ఆధారంగా నటాలిజుమాబ్ అనే ఇంజక్షను మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి 2004 నవంబరులో అమెరికాలో వచ్చింది. సుమారు మూడు నెలలకే, 2005 ఫిబ్రవరిలో, బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు. కారణం: తెల్లకణాలు మెదడులోకి పోలేకపోయేసరికి, చాలామంది ఒంట్లో ఊరికే నిద్రపోతూ ఉండే ఒక వైరస్ కొందరిలో మేలుకుని మెదడుని తినడం మొదలుపెట్టింది. కావలివాళ్ళని వీధిలోనే ఆపేస్తే దొంగకి అడ్డేముంది? 2006లో కఠినమైన షరతులతో తిరిగి ఇచ్చారు. ఇప్పటికీ ఆ జబ్బుకి వాడుతున్నారు, రక్తపరీక్షలు పెట్టుకుని, భయపడుతూ.

డుషేన్ పిల్లలకి ప్రయత్నించినది వేరొక మందు. ఏ.టి.ఎల్. 1102 అని మొదట దాని పేరు, తరవాత అవికర్సెన్ అన్నారు. ఇది ఆ చేతిని కట్టెయ్యదు, కణం ఆ చేతిని తయారుచేసుకోకుండా మధ్యలో ఆజ్ఞని చెరిపేస్తుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పిల్లల ఆస్పత్రిలో, నడక పోయిన తొమ్మిది మంది కుర్రవాళ్ళకి వారానికొక ఇంజక్షను చొప్పున ఇరవై నాలుగు వారాలు ఇచ్చారు. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. చేతుల బలం అనుకున్నంత తగ్గలేదు. తల్లిదండ్రులకి ఆశ పుట్టింది. ఆ ఆశనే మీ ఇంటికి మోసుకొచ్చారమ్మా.

కాని తొమ్మిది మందిలో మందు ఇవ్వని పిల్లలు లేరు. అందరికీ ఇచ్చారు, అందరికీ తెలుసు. ఇక్కడే ఉంది మెలిక. చేతి బలం కొలవడమంటే ఏమిటి? "బాబూ, ఈ బరువు ఎత్తు, చెయ్యి తల దాకా తీసుకెళ్ళు" అనడం. మందు పడుతోందని తెలిసిన పిల్లవాడు ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తాడు. చూసేవాడు ఇంకొంచెం ఓపిగ్గా చూస్తాడు. ఎవరూ మోసం చెయ్యలేదు, ఆశ చేసే పనే అంత. అందుకని రెండోసారి నలభై ఎనిమిది మందిని తీసుకుని, కొందరికి మందూ, కొందరికి ఒట్టి నీళ్ళ లాంటి ఇంజక్షనూ, ఎవరికేది పడుతోందో ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తెలియకుండా ఇచ్చారు. 2024 డిసెంబరులో లెక్క విప్పారు. మందు పుచ్చుకున్నవారి చేతుల బలానికీ పుచ్చుకోనివారి బలానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రయోగాన్ని ఆపేశారు.

ఎందుకు పని చెయ్యలేదంటే, నాకు తోచినది చెబుతాను. తాడు తెగిన షామియానా దగ్గర గుంపు చేరకుండా చెయ్యడం వల్ల తొక్కిడి తగ్గవచ్చు. తాడు మాత్రం రాదు కదా. పొర చినుగుతూనే ఉంటుంది. స్టీరాయిడ్లు అప్పటికే వాడుతున్న పిల్లల్లో గుంపు కొంత పలచబడే ఉంటుంది కూడాను.

కనుక ఆ మందు ఇవాళ ప్రపంచంలో ఏ దేశంలోనూ డుషేన్‌కి అమ్మకానికి లేదు. మీకు అమ్మజూపుతున్నవాడి దగ్గర ఉన్నది అదే అయితే, పని చెయ్యదని తేలినది. అది కాకపోతే ఏమిటో దేవుడికెరుక. "ప్రయోగంలో చేర్పిస్తాను, డబ్బు కట్టండి" అన్నా నమ్మవద్దు. మన దేశంలో మందుల ప్రయోగాలకి 2019 నాటి నిబంధనలున్నాయి. ప్రతి ప్రయోగమూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి, నైతిక సంఘం ఒప్పుకోవాలి, మీకు అర్థమయ్యే భాషలో కాగితం చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ప్రయోగపు మందుకి రోగి దగ్గర డబ్బు అడగరు. ప్రయోగం వల్ల దెబ్బ తగిలితే వైద్యం వాళ్ళే చేయించాలి. డబ్బు మీరు కట్టే ప్రయోగం ప్రయోగమే కాదు. మూలకణాలు ఎక్కిస్తామని పిలిచేవారికీ ఇదే లెక్క. ఈ జబ్బుకి అవి రుజువైన వైద్యం కాదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

"అయితే ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చోమంటారా?" అని మీరడగవచ్చు. కూర్చోమనను. చెయ్యవలసినది చాలా ఉంది, అందులో చాలా భాగం చవక.

మీ ఉత్తరంలో, నడక పోయాక "ఇంకెందుకులే" అని స్టీరాయిడ్ మాత్రలు మానేశామని రాశారు. ఎప్పుడు మానారో రాయలేదు. ఈ మాత్రలు ఎవరూ ఎప్పుడూ ఒక్కసారిగా మానకూడదు, ఒంట్లో సహజంగా ఊరేది కూడా ఆగిపోయి ఉంటుంది కనుక వాంతులు, నీరసం, ప్రాణాపాయం కూడా రావచ్చు. నడక పోయినా చేతుల బలానికీ, ఊపిరితిత్తులకీ, వెన్ను వంకరపోకుండా ఉండడానికీ ఇవి ఉపకరిస్తాయి. మళ్ళీ మొదలుపెట్టాలా, ఎంత మోతాదు అనేది నరాల డాక్టరుగారే చెప్పాలి, అందుకే అంకెలు వెయ్యడం లేదు. బరువు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, కంట్లో పొర రావచ్చు. వీటిని కనిపెట్టి ఉండాలి. అన్నం తగ్గించి పప్పు, కూర, మజ్జిగ పెంచండి.

గుండె. అది కూడా కండరమే, దానికీ అదే తాడు లేదు. పిల్లవాడు ఆయాసపడడు, ఎందుకంటే పరుగెత్తడు, కనుక గుండె బలహీనత బయటపడదు. ఏటా ఎకో పరీక్ష చేయించాలి. గుండె మీద భారం తగ్గించే మాత్రల్ని పదో ఏటికల్లా, ఎకో బాగానే ఉన్నా, మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. మీవాడికి పదకొండు. ఈ నెలలోనే గుండె డాక్టరుకి చూపించండి. ఊపిరి బలం కొలిచే పరీక్ష కూడా ఏటా ఉండాలి. పొద్దున్నే తలనొప్పి, రాత్రి పదే పదే మెలకువ, పగలు మగత కనిపిస్తే రాత్రివేళ ఊపిరి చాలడం లేదని గ్రహించండి. ముక్కుకి తొడిగే యంత్రాలు ఇప్పుడు ఇంట్లో పెట్టుకునేవి వచ్చాయి. ఒకప్పుడు ఇరవై ఏళ్ళు దాటని పిల్లలు ఇప్పుడు ముప్ఫైలలోకి వస్తున్నారంటే అది ఈ యంత్రాల వల్లా, గుండె మాత్రల వల్లా, స్టీరాయిడ్ల వల్లానూ. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించండి.

మడమ వెనక నరం బిగుసుకుపోకుండా రోజూ రెండు పూటలా మెల్లగా సాగదియ్యడం ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే ఇంట్లో మీరే చెయ్యవచ్చు. మీ అత్తగారు కూడా చెయ్యవచ్చు, ఆవిడ గురించి రాసినదానికి వస్తాను. బరువులెత్తించే కసరత్తులు మాత్రం వద్దు. బలం వస్తుందని దండీలు తీయించిన తండ్రిని చూశాను, పాపం ఆయన ప్రేమతోనే చేశాడు. కుర్చీలో నిటారుగా కూర్చునేలా మెత్తలు అమర్చండి, వెన్ను వంకర ఆలస్యమవుతుంది.

ఇంకొకటి చీటీ మీద రాసి పిల్లవాడి ఫైలుకి అంటించండి. ఏ ఆపరేషనుకైనా, పన్ను పీకించడానికైనా మత్తు ఇచ్చేవారికి జబ్బు పేరు ముందే చెప్పాలి. సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే ఈ పిల్లల గుండె ఆగిపోయే ప్రమాదముంది.

మీ అత్తగారు "కోడలి వైపు నుంచి వచ్చింది" అంటున్నారనీ, మీవారి మేనమామ "మేనరికం చేసుకున్నారు కనుక వచ్చింది" అన్నారనీ రాశారు. మేనరికం మాట ముందు. తల్లి, తండ్రి ఇద్దరి దగ్గర నుంచీ చెడిన జన్యువు రావలసిన జబ్బులు మేనరికంలో ఎక్కువవుతాయి. కండరాల జబ్బుల్లో అలాంటివి ఉన్నాయి కూడా. ఇదే మేకుల గుంపులోని సార్కోగ్లైకాన్‌లు చెడితే వచ్చేది అటువంటిదే. డుషేన్ అలా రాదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద ఉంటుంది, మగపిల్లవాడికి అది తల్లి నుంచే వస్తుంది. మేనరికమైనా, ముక్కూ మొహం తెలియని సంబంధమైనా ఒకటే. ఇక తల్లి తప్పా? సుమారు మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లి జన్యువు శుభ్రంగానే ఉంటుంది, చెడడం కొత్తగా జరుగుతుంది. మిగిలినవారిలో తల్లి తెలియకుండా మోస్తుంది. కంటి రంగు ఎంచుకున్నామా, దీన్ని ఎంచుకోవడానికి? అత్తగారికి ఈ పేరా చదివి వినిపించండి.

కాని పరీక్ష మాత్రం చేయించుకోండి. మీకు ఎనిమిదేళ్ళ అమ్మాయి కూడా ఉందన్నారు. ముందు కొడుకు జన్యువులో ఏ ముక్క పోయిందో తెలుసుకుంటే, మీలో ఉన్నదీ లేనిదీ తేలుతుంది. ఉంటే అమ్మాయికి ఉండడానికి సగానికి సగం అవకాశం. పెద్దయ్యాక, పెళ్ళికి ముందు, ఆ అమ్మాయి తనే నిర్ణయించుకుని పరీక్ష చేయించుకోవచ్చు. మోసే ఆడవారిలో కొందరికి గుండె బలహీనత రావచ్చు కనుక మీలో ఉన్నట్టు తేలితే మీరూ ఎకో తీయించుకోవాలి. ఇంకో కాన్పు ఆలోచన ఉంటే గర్భం రాకముందే జన్యు సలహా తీసుకోండి. పోయిన ముక్కని బట్టి పనిచేసే మందులు అమెరికాలో 2016 నుంచి ఒకటొకటిగా వస్తున్నాయి. ధర మనకందదు, ఏదీ పూర్తిగా నయం చెయ్యదు. అయినా ఏదైనా వచ్చినప్పుడు మీవాడికి పనికొస్తుందో లేదో చెప్పగలిగేది ఆ కాగితమే. అపురూపమైన జబ్బుల జాతీయ విధానం కింద హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. డుషేన్ ఆ విధానపు జాబితాలో ఉంది. అక్కడికి ఫైలు తీసుకుని వెళ్ళండి, పొలం కాగితాలు కాదు.

2016 చట్టం ప్రకారం ఈ జబ్బు వైకల్యాల జాబితాలో ఉంది. సర్టిఫికెట్టు తీసుకుంటే పింఛనుకీ, ప్రయాణ రాయితీలకీ, పరీక్షలో రాసిపెట్టే మనిషికీ దారి ఉంటుంది.

చివరి పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు, అయినా చదవగలిగాను. "లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు, బడి మాన్పించేశాం" అని. మెట్లు మూడే కదా ఉన్నాయన్నారు ఆ బడికి. మూడు మెట్లకి వాలుబల్ల వేయడానికి రెండు బస్తాల సిమెంటు, ఒక మేస్త్రీ, ఒక పూట పని. హెడ్‌మాస్టరుగారిని అడగండి. ఆయన కాదంటే నాకు రాయండి, ఆయనకి నేను రాస్తాను.